విండో బిగుసుకుపోతే తప్పు భాషది కాదు
(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పైథాన్ లాంటి స్క్రిప్టింగ్ భాషలో రాసిన ప్రోగ్రాంకి విండో, బటన్లు, అంటే జీయూఐ, ఎలా పెట్టాలి అన్నది ఇవాళ్టి విషయం. ఉదాహరణలన్నీ పైథాన్‌లో, టీకింటర్ అనే విండోల లైబ్రరీతో చెప్తాను. మీరు వాడేది వేరే భాషైనా, వేరే లైబ్రరీ అయినా పేర్లు మారతాయంతే, కథ ఒకటే.

పైథాన్ వచ్చినవాళ్లలో చాలామంది ఆదేశాలు టైప్ చేసే టెర్మినల్ దగ్గరే ఆగిపోతారు. అందులో తప్పేం లేదు. వాడేది మనమే అయినంతకాలం టెర్మినల్‌ని మించింది లేదు. ఆ స్క్రిప్ట్‌ని ఇంకొకరి చేతికి ఇవ్వాల్సి వచ్చినప్పుడు మొదలవుతుంది అసలు తంటా. వాళ్లు టెర్మినల్ తెరవరు. ఒక బటన్ పెట్టి ఇవ్వండి, నొక్కుకుంటాం అంటారు. సరేనని పెడతాం. నొక్కుతారు. బటన్ లోపలికి పోయింది పోయినట్టే ఉండిపోతుంది. విండో పాలిపోతుంది. టైటిల్ పక్కన నాట్ రెస్పాండింగ్ అని పడుతుంది. అప్పుడు తప్పకుండా ఎవరో ఒకరు అంటారు: పైథాన్ స్లో అండీ, జీయూఐకి పనికిరాదు, సీ ప్లస్ ప్లస్‌లో రాయాల్సింది అని.

ఆ మాటతో పేచీ పెట్టుకోవడానికే వచ్చాను ఇవాళ. అదే ప్రోగ్రాంని అదే పద్ధతిలో సీ ప్లస్ ప్లస్‌లో రాసినా విండో అలాగే బిగుసుకుపోతుంది. కాకపోతే కాస్త తక్కువసేపు.

ముందు కొంచెం వెనక్కి వెళ్దాం. 1990 ప్రాంతంలో గ్రాఫికల్ ఇంటర్ఫేస్ అంటే చిన్న పని కాదు. యూనిక్స్ మెషీన్ల ఎక్స్ విండో సిస్టమ్ మీద, సీ భాషలో, మోటిఫ్ లాంటి బరువైన లైబ్రరీతో రాయాలి. బటన్ మీది మాట మార్చినా మళ్లీ కంపైల్, మళ్లీ లింక్, మళ్లీ రన్. 1987లో యాపిల్ వాళ్లు హైపర్‌కార్డ్ తెచ్చారు. ప్రోగ్రామర్లు కానివాళ్లు కూడా బటన్లు గీసుకుని, వాటి వెనక హైపర్‌టాక్ అనే చిన్న భాషలో నాలుగు ముక్కలు రాసుకునేవారు. బర్క్‌లీలో ప్రొఫెసర్‌గా ఉన్న జాన్ ఓస్టర్‌హౌట్‌కి అది చూసి ఒక దిగులు పట్టుకుంది. ఇలాంటివి తయారుచెయ్యాలంటే పెద్ద కంపెనీలే డబ్బు కుమ్మరించాలా, మనలాంటి చిన్న బృందాలకు దారే లేదా అని. ఆయనకి తోచిన ఉపాయం ఏమిటంటే, బటన్, స్క్రోల్‌బార్, మెనూ లాంటి ముక్కల్ని సీ భాషలో ఒక్కసారి గట్టిగా రాసి పెట్టుకోవడం, వాటిని అతికించే పని మాత్రం ఒక స్క్రిప్టింగ్ భాషకి అప్పగించడం. ఆ భాష అప్పటికే ఆయన చేతిలో ఉంది. 1988లో మొదలుపెట్టిన టీసీఎల్. అందరూ టికిల్ అంటారు. దాని మీద కట్టిన విడ్జెట్ల సంచి, అంటే ఆ బటన్లూ మెనూల మూట, టీకే. ఈ రెండింటికీ కలిపి 1997లో కంప్యూటర్ నిపుణుల సంఘం ఏసీఎం వాళ్ల సాఫ్ట్‌వేర్ సిస్టమ్ అవార్డు వచ్చింది.

1998లో ఆయన స్క్రిప్టింగ్ భాషల గురించి ఒక వ్యాసం రాశారు. నొక్కితే ఒక మాట ప్రింట్ చేసే బటన్. టికిల్‌లో ఒక్క లైను. అదే సీ ప్లస్ ప్లస్‌లో మైక్రోసాఫ్ట్ ఎంఎఫ్‌సీ లైబ్రరీతో రాస్తే మూడు ప్రొసీజర్లు, సుమారు 25 లైన్లు అని అందులో లెక్క చూపించారు. అప్పటి లైబ్రరీలు ఇప్పుడు మారిపోయాయి గానీ, ఆ తేడా ఎక్కడినుంచి వచ్చిందో అది మారలేదు.

టీకింటర్ అంటే ఈ టీకేకి పైథాన్ తొడుగు. మీరు దానితో విండో తెరుస్తారు చూడండి, అప్పుడు మీ ప్రోగ్రాం లోపల నిజంగానే ఒక టికిల్ ఇంటర్‌ప్రిటర్ లేచి కూర్చుంటుంది. మీరు పైథాన్‌లో బటన్ అని రాస్తే, అది ఒక టికిల్ కమాండ్‌గా మారి అక్కడికి వెళ్తుంది. అనుమానం ఉంటే ఒక పని చెయ్యండి. ఒక బటన్‌ని డిస్ట్రాయ్ చేసి, ఆ తర్వాత దాని టెక్స్ట్ మార్చబోండి. ఎర్రర్ ఇలా వస్తుంది: ఇన్‌వ్యాలిడ్ కమాండ్ నేమ్, ఆ పక్కన కొటేషన్లలో ఒక చుక్క, ఒక ఆశ్చర్యార్థకం, బటన్. ఆ చుక్కతో మొదలయ్యే పేరు పైథాన్‌ది కాదు, టికిల్‌ది. ఈ ఎర్రర్‌ని గుర్తుపెట్టుకోండి, ఇంకాసేపట్లో మళ్లీ కనబడుతుంది.

దీన్నిబట్టి అర్థమయ్యేదేమిటి? పిక్సెళ్లు గీసేది, అక్షరాల వెడల్పు కొలిచేది, మౌస్ ఏ బటన్ మీద ఉందో లెక్కకట్టేది అంతా సీ కోడ్. పైథాన్ వంతు వచ్చేది ఎప్పుడో మీరు నొక్కినప్పుడు. అదీ ఒక ఫంక్షన్‌ని పిలవడానికి. మనిషికి ఒక పని వెంటనే జరిగినట్టు అనిపించాలంటే సెకనులో పదో వంతు లోపల జరగాలి అని ఈ రంగంలో ఎప్పటినుంచో ఉన్న లెక్క. 1968లో రాబర్ట్ మిల్లర్ రాసిన పత్రం నుంచీ వస్తోంది అది. ఆ పదో వంతులో పైథాన్ చిన్నచిన్న ఆపరేషన్లు లక్షల్లో చేసేస్తుంది. ఒక బటన్‌కి జవాబు చెప్పడానికి అది చాలదా? బ్రహ్మాండంగా చాలుతుంది.

మరి బిగుసుకుపోవడం ఎందుకు?

ఇక్కడ కాస్త నిదానంగా వెళ్దాం. మామూలు స్క్రిప్ట్ పైనుంచి కిందికి నడుస్తుంది. ఫైలు తెరుస్తుంది, చదువుతుంది, లెక్కకడుతుంది, ప్రింట్ చేస్తుంది, అయిపోతుంది. ఎప్పుడు ఏం జరగాలో చెప్పేది మీరు. జీయూఐ ప్రోగ్రాంలో చివరి లైను ఒకటుంటుంది, రూట్ డాట్ మెయిన్‌లూప్. ఆ లైనులోకి వెళ్లాక ప్రోగ్రాం ఇక మీది కాదు. మీ కోడ్ అంతవరకూ ఇంటి యజమాని, ఆ తర్వాత పిలిస్తే వచ్చే పనిమనిషి. లోపల ఒక లూప్ తిరుగుతూ ఉంటుంది. ఆపరేటింగ్ సిస్టమ్ పంపిన ఈవెంట్ల వరుసలోంచి ఒకటి తీస్తుంది. మౌస్ కదిలింది. కీ నొక్కారు. విండో మీదున్న వేరే విండో తప్పుకుంది, ఈ భాగం మళ్లీ గీయాలి. టైమర్ మోగింది. ఒక్కొక్కటి తీసి, దానికి సంబంధించిన ఫంక్షన్ ఉంటే పిలిచి, అది తిరిగొచ్చాక తర్వాతది తీస్తుంది.

తిరిగొచ్చాక. కీలకం అంతా ఆ మాటలోనే ఉంది. మీ ఫంక్షన్ రిటర్న్ అయ్యేదాకా ఆ వరుసలోంచి ఇంకొకటి తీసే నాథుడు లేడు. బటన్ పైకి లేచినట్టు గీయడం కూడా ఒక ఈవెంటే, అదీ వరుసలోనే పడి ఉంటుంది. విండోస్‌లో అయితే ఒక ప్రోగ్రాం అయిదు సెకన్లపాటు తన వరుస వైపు చూడకపోతే సిస్టమ్ దాన్ని హ్యాంగ్ అయినట్టు లెక్కవేసుకుని, ఆ పాలిపోయిన విండోని దాని స్థానంలో పెడుతుంది. మీ ఫంక్షన్ శుభ్రంగా పనిచేస్తూనే ఉంటుంది. చచ్చిపోయినట్టు కనబడుతుంది, అంతే.

ఈ లూప్ సంగతి తలకెక్కితే కొత్తవాళ్లు చేసే తప్పుల్లో సగం వాటంతట అవే అర్థమవుతాయి. మచ్చుకి ఒకటి. బటన్‌కి కమాండ్ ఈక్వల్ టు సేవ్ అని రాసి, అలవాటు కొద్దీ పక్కన బ్రాకెట్లు పెడతారు. ప్రోగ్రాం మొదలవగానే ఎవరూ నొక్కకుండానే సేవ్ అయిపోతుంది, ఆ తర్వాత ఎన్నిసార్లు నొక్కినా ఉలుకూ పలుకూ ఉండదు. బ్రాకెట్లు పెడితే మీరే పిలిచినట్టు. లూప్‌కి ఇవ్వాల్సింది ఫంక్షన్‌ని, మీరు ఇచ్చింది అది తిరిగిచ్చిన నన్‌ని, అంటే ఏమీ లేదన్న విలువని. దీనికో తమ్ముడు ఉన్నాడు. ఫర్ లూప్‌లో పది బటన్లు పెట్టి, ఒక్కోదానికి లాంబ్డా, అంటే పేరులేని చిన్న ఫంక్షన్, రాసి, అందులో ఐ వాడతారు. ఏది నొక్కినా తొమ్మిదే వస్తుంది. లాంబ్డా నడిచేది ఇప్పుడు కాదు, ఎప్పుడో నొక్కినప్పుడు. అప్పటికి ఐ విలువ తొమ్మిది దగ్గర ఆగిపోయి ఉంది. లాంబ్డా ఐ ఈక్వల్ టు ఐ అని డిఫాల్ట్ విలువగా ఇస్తే ఆ నిమిషంలోని విలువ అతుక్కుపోతుంది. ఫంక్‌టూల్స్‌లోని పార్షియల్ వాడినా సరే.

ఇప్పుడు ఒక నిజమైన ప్రోగ్రాం తీసుకుందాం. ఫోల్డర్‌లో ఒకే ఫైలు రెండుమూడు చోట్ల ఉంటే పట్టుకునే స్క్రిప్ట్. టెర్మినల్‌లో రాయడం తేలికే. ఫైళ్లన్నిటినీ సైజు ప్రకారం గుంపులు చేస్తాం. ఒకే సైజువి ఒకటికంటే ఎక్కువ ఉన్న గుంపుల్లో మాత్రమే ఫైళ్లు చదివి షా 256 హాష్, అంటే ఫైలుకి వేలిముద్ర లాంటి గుర్తు, తీస్తాం. హాష్ కలిస్తే నకళ్లే. దీనికి విండో పెట్టాలి. ఫోల్డర్ ఎంచుకునే బటన్, మొదలుపెట్టు, ఆపు, ఒక ప్రోగ్రెస్ బార్, కింద ఫలితాల పట్టిక.

విండో సర్దుడు గురించి ఎక్కువ చెప్పను. విడ్జెట్లను గళ్లల్లో పెట్టే గ్రిడ్ వాడండి. ఒకే ఫ్రేమ్‌లో గ్రిడ్‌నీ, ఒకదాని పక్కన ఒకటి పేర్చే ప్యాక్‌నీ కలపకండి. పూర్వం అలా కలిపితే ఆ రెండూ ఒకదాని సైజు ఒకటి దిద్దుకుంటూ ఆగకుండా కొట్టుకునేవి, విండో అసలు తెరుచుకునేదే కాదు. ఇప్పుడైతే మర్యాదగా ఎర్రర్ ఇస్తుంది. పట్టిక ఉన్న అడ్డువరుసకీ నిలువువరుసకీ వెయిట్ ఒకటి అని ఇవ్వండి, లేకపోతే విండోని పెద్దది చేసినా పట్టిక ఒక మూలన ముడుచుకుని ఉంటుంది. బటన్లు, పట్టిక చూపించే ట్రీవ్యూ, ప్రోగ్రెస్ బార్ టీకేలోని కొత్త విడ్జెట్ల మూట టీటీకే నుంచి తీసుకోండి. పాత టీకే బటన్లు చూస్తే 1990ల మోటిఫ్ గుర్తొస్తుంది. 2007లో వచ్చిన టీకే 8.5 నుంచి టీటీకే అందులోనే ఉంది, అయినా ఇప్పటికీ కొన్ని పాఠాల్లో పాత బటన్లే నేర్పుతున్నారు. టీకింటర్ వికారంగా ఉంటుందన్న పేరు రావడానికి ఇదొక కారణం.

ఇంకొక చిన్న సంగతి. ట్యాబ్ కీ నొక్కినప్పుడు ఫోకస్ వెళ్లే వరుస, సాధారణంగా మీరు విడ్జెట్లను తయారుచేసిన వరుసే. తెరమీద ఎక్కడ పెట్టారన్నది దానికి పట్టదు. కాబట్టి కోడ్‌లో కూడా పైనుంచి కిందికి అదే వరుసలో రాయండి. మౌస్ వాడనివాళ్లు మిమ్మల్ని దీవిస్తారు.

సరే, మొదలుపెట్టు బటన్‌కి ఆ వెతికే ఫంక్షన్‌ని తగిలించాం. నొక్కాం. బిగుసుకుపోయింది. ఎందుకో ఇప్పుడు తెలుసు. ఫోల్డర్ అంతా చదివేదాకా ఫంక్షన్ తిరిగి రావడం లేదు.

దీనికి నెట్‌లో మొదట దొరికే మందు, లూప్ మధ్యలో రూట్ డాట్ అప్‌డేట్ అని పిలవడం. అప్‌డేట్ చేసేదేమిటంటే, వరుసలో పేరుకుపోయిన ఈవెంట్లన్నీ అప్పటికప్పుడు తీసి నడిపిస్తుంది. ప్రోగ్రెస్ బార్ కదులుతుంది, అందరికీ సంతోషం. ఆ పేరుకున్న వాటిలో ఏముంటాయో ఆలోచించారా? వాడుకరి విసుగొచ్చి మొదలుపెట్టు మళ్లీ నొక్కాడు. ఆ నొక్కు కూడా అందులోనే ఉంది. అప్‌డేట్ దాన్ని తీస్తుంది, వెతికే ఫంక్షన్‌ని మళ్లీ పిలుస్తుంది. మొదటి వెతుకులాట సగంలో ఉండగా దాని కడుపులో రెండోది మొదలవుతుంది. రెండోది పూర్తయితే గానీ మొదటిది కదలదు. లేదా వాడుకరి విండో మూసేశాడు. అప్‌డేట్ ఆ మూతని కూడా నడిపిస్తుంది, విడ్జెట్లన్నీ పోతాయి, మీ లూప్ తిరిగొచ్చి పోయిన ప్రోగ్రెస్ బార్‌ని కదపబోతుంది. ఇన్‌వ్యాలిడ్ కమాండ్ నేమ్, చుక్క, ఆశ్చర్యార్థకం. చెప్పాను కదా, మళ్లీ కలుస్తుందని. (నవ్వులు)

అప్‌డేట్ జోలికి పోకండి. దారులు మూడున్నాయి.

మొదటిది, పనిని ముక్కలు చెయ్యడం. ఇది స్క్రిప్టింగ్ భాషకి చక్కగా నప్పుతుంది. వెతికే ఫంక్షన్‌లో అక్కడక్కడ ఈల్డ్ అని పెట్టండి, అది జనరేటర్, అంటే మధ్యలో ఆగి మళ్లీ అక్కడినుంచే సాగే ఫంక్షన్, అయిపోతుంది. ఇప్పుడు అడుగు అని ఇంకో చిన్న ఫంక్షన్. అది గడియారం చూసుకుంటూ, ఇరవై ముప్ఫై మిల్లీసెకన్లపాటు ఆ జనరేటర్‌ని నెక్స్ట్ నెక్స్ట్ అంటూ నడిపిస్తుంది. ఆ తర్వాత ప్రోగ్రెస్ బార్ సర్ది, రూట్ డాట్ ఆఫ్టర్ అని ఒక మిల్లీసెకను తర్వాత తననే మళ్లీ పిలవమని లూప్‌కి చెప్పి, రిటర్న్ అయిపోతుంది. ఆ మధ్యలో లూప్ మిగతా ఈవెంట్లన్నీ చూసుకుంటుంది. ఆపు బటన్ అంటే ఇక ఏముంది, ఒక జెండా ఎత్తడమే. తర్వాతి అడుగు దాన్ని చూసి ఆగిపోతుంది. థ్రెడ్లు లేవు, లాకులు లేవు.

ఇందులో ఒక మెలిక ఉంది. ఫైలుకోసారి ఈల్డ్ పెట్టారనుకోండి. ఫోల్డర్‌లో నాలుగు గిగాబైట్ల వీడియో ఒకటి తగిలింది. ఆ ఒక్క అడుగు కొన్ని సెకన్లు పడుతుంది, మళ్లీ బిగుసుకుపోతుంది. కాబట్టి ఫైలుని మెగాబైటు మెగాబైటు చొప్పున చదివి, ప్రతి ముక్క తర్వాత ఈల్డ్ పెట్టాలి. ఎక్కడ కొయ్యాలో తెలియడమే ఈ పద్ధతిలో నేర్పు. కొయ్యడానికి వీల్లేని పని, ఎవరో రాసిన లైబ్రరీలో ఒక్క పిలుపులో పది సెకన్లు తీసుకునే పని ఉంటే ఈ దారి మూసుకుపోయినట్టే.

అప్పుడు రెండోది, థ్రెడ్, అంటే అదే ప్రోగ్రాంలో పక్కపక్కనే నడిచే ఇంకో పనివరుస. పని వేరే థ్రెడ్‌లో నడుస్తుంది, లూప్ తన దారిన తిరుగుతుంది. పైథాన్‌లో జీఐఎల్ అనే తాళం ఉంది, అది చేతిలో ఉన్న ఒక్క థ్రెడ్డే నడుస్తుంది, కాబట్టి థ్రెడ్లు దండగ అంటారు. ఈ పనికి ఆ మాట వర్తించదు. ఫైలు చదివేటప్పుడు పైథాన్ ఆ తాళాన్ని వదిలేస్తుంది. హాష్‌లిబ్ కూడా రెండు కిలోబైట్లు దాటిన ముక్కలకి హాష్ తీసేటప్పుడు తాళం వదిలేస్తుంది. మన ప్రోగ్రాం సమయమంతా ఈ రెండింట్లోనే పోతోంది కాబట్టి విండోకి ఏ ఇబ్బందీ లేదు.

థ్రెడ్ పెట్టగానే అందరి చెయ్యీ ఒకచోటికే వెళ్తుంది. ఆ థ్రెడ్‌లోంచే ప్రోగ్రెస్ బార్‌ని కదిపేద్దామని. వద్దు. విడ్జెట్లను ముట్టుకోవాల్సింది లూప్ నడుస్తున్న థ్రెడ్ ఒక్కటే. టీకింటర్‌లో ఈ నియమం తప్పితే వెంటనే కూలదు, అదే ప్రమాదం. మీ దగ్గర పనిచేస్తుంది, ఇంకో మెషీన్‌లో మెయిన్ థ్రెడ్ ఈజ్ నాట్ ఇన్ మెయిన్ లూప్ అని పడిపోతుంది. మరి కబురు ఎలా పంపాలి? క్యూ మాడ్యూల్‌లో క్యూ ఉంది. పనిచేసే థ్రెడ్ అందులో కబురు వేస్తుంది: ఇన్ని ఫైళ్లు అయ్యాయి, ఈ రెండూ నకళ్లు, పని పూర్తయింది. లూప్ వైపు ఒక చిన్న ఫంక్షన్ ఆఫ్టర్ 100 అని సెకనుకి పదిసార్లు లేచి, క్యూలో ఉన్నవన్నీ గెట్ నోవెయిట్‌తో తీసుకుని తెరమీద చూపిస్తుంది. ప్రోగ్రెస్ కబుర్లు వందలు పేరుకుంటే అన్నీ గీయనక్కర్లేదు, ఆఖరిది గీస్తే చాలు. క్యూటీ అనే ఇంకో విండోల లైబ్రరీ వాడేవాళ్లకి ఈ శ్రమ లేదు. ఒక థ్రెడ్‌లో విసిరిన సిగ్నల్‌ని రెండో థ్రెడ్‌లోని స్లాట్‌కి, అంటే దాన్ని అందుకునే ఫంక్షన్‌కి, అదే వరుసలో పెట్టి అందజేస్తుంది. లోపల జరిగేది మాత్రం ఇదే క్యూ.

మూడోది వేరే ప్రాసెస్, అంటే విడిగా నడిచే ఇంకో ప్రోగ్రాం. దీనికి పైథాన్‌తోపాటు వచ్చే ఐడిల్ ఎడిటర్‌ని మించిన ఉదాహరణ అక్కర్లేదు. ఐడిల్ మొత్తం టీకింటర్‌లో రాసిందే. మీరు అందులో వైల్ ట్రూ అని అంతులేని లూప్ రాసి నడిపినా ఎడిటర్ విండో చెక్కుచెదరదు. మీ కోడ్ నడిచేది వేరే ప్రాసెస్‌లో, దాన్ని చంపి కొత్తది మొదలుపెట్టొచ్చు. ఇంకొకటి, కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్‌తో వచ్చే, ఆ చరిత్రని చూపించే గిట్‌కే. అది పచ్చి టికిల్ టీకే స్క్రిప్ట్. లినక్స్ కెర్నెల్ లాంటి కొండంత చరిత్ర ఉన్న రిపాజిటరీలో తెరిచి చూడండి. గిట్ ఇంకా కమిట్లు, అంటే ఆ మార్పులు, ఏరుతూనే ఉంటుంది, పైన కొన్ని అప్పుడే కనబడుతుంటాయి, స్క్రోల్ చేసుకోవచ్చు. బరువుపని సీలో రాసిన గిట్ వేరే ప్రాసెస్‌గా చేస్తోంది. పైపులోంచి లైన్లు వచ్చినప్పుడల్లా లూప్ ఈ స్క్రిప్ట్‌ని లేపుతోంది, స్క్రిప్ట్ కాసిని చదివి తిరిగిపోతోంది. 1980ల చివర్లో పుట్టిన భాషలో, ప్రతిదీ స్ట్రింగే అనుకునే భాషలో రాసింది అది. స్లో అన్నవాళ్లకి నేను ముందు దీన్ని చూపిస్తాను.

మూడు దారుల్లో దేనికైనా ఒక షరతు ఉంది. వెతికే కోడ్‌కి విండో అనేది ఒకటుందని తెలియకూడదు. టీకింటర్ అన్న మాటే ఆ ఫైల్లో ఉండకూడదు. అది కబుర్లు పుట్టిస్తుంది, వాటిని ఎవరు తీసుకుంటారో దానికి అనవసరం. అప్పుడే టెర్మినల్ నుంచి నడపొచ్చు, విండో లేకుండా పరీక్షించొచ్చు, రేపు టీకింటర్ తీసేసి క్యూటీ పెట్టొచ్చు. చాలా స్క్రిప్టుల్లో లెక్కలన్నీ బటన్ ఫంక్షన్లలోనే ఉంటాయి, ఎంట్రీ పెట్టెలోంచి నేరుగా విలువ లాక్కుని. అక్కడినుంచి దాన్ని థ్రెడ్‌లోకి మార్చాలంటే మళ్లీ మొదటినుంచి రాసుకోవడమే.

లూప్‌తో సంబంధం లేని రెండు ఉచ్చులు చెప్పి ముందుకెళ్తాను. బొమ్మ మాయం కావడం. ఫంక్షన్ లోపల ఫోటోఇమేజ్ తయారుచేసి లేబుల్‌కి ఇస్తారు, లేబుల్ వస్తుంది, బొమ్మ రాదు. ఫంక్షన్ అయిపోగానే ఆ పైథాన్ వస్తువుని పట్టుకున్నవాళ్లు ఎవరూ లేరని చెత్తలోకి వెళ్తుంది, పోతూపోతూ టికిల్ వైపున్న బొమ్మని కూడా తీసుకుపోతుంది. లేబుల్ డాట్ ఇమేజ్ అని దానిమీదే ఒక చోట దాచుకోండి. రెండోది, ఎర్రర్ కనబడకపోవడం. బటన్ ఫంక్షన్‌లో ఎక్సెప్షన్ వస్తే టీకింటర్ దాన్ని కన్సోల్‌లో ప్రింట్ చేసి లూప్ కొనసాగిస్తుంది. కన్సోల్ లేకుండా నడిపితే అది ఎవరికీ కనబడదు. వాడుకరి నొక్కుతాడు, ఏమీ జరగదు. రిపోర్ట్ కాల్‌బ్యాక్ ఎక్సెప్షన్ అనే మెథడ్‌ని మార్చుకుని, ఎర్రర్‌ని ఒక ఫైల్లో రాసి, ఒక పెట్టెలో చూపించండి. క్యూటీని పైథాన్‌కి కలిపే పైక్యూటీ దీనికి పూర్తిగా ఉల్టా. పైక్యూటీ 5.5 నుంచి, పట్టుకోని ఎక్సెప్షన్ వస్తే ప్రోగ్రాం మొత్తం కూలిపోతుంది. నాకైతే ఆ మొండితనమే నచ్చుతుంది.

ఏ లైబ్రరీ ఎంచుకోవాలి అని అడుగుతారు కాబట్టి నా అభిప్రాయం చెప్తాను. నాలుగు బటన్లు, ఒక పట్టిక అయితే టీకింటర్ చాలు. పైథాన్‌తోనే వస్తుంది, ఉబుంటులో మాత్రం పైథాన్ 3 టీకే అని విడిగా వేసుకోవాలి. దాని టెక్స్ట్, క్యాన్వాస్ విడ్జెట్లు ఇప్పటికీ ఎవరికీ తీసిపోవు. పట్టికలో లక్ష వరుసలు చూపించాలంటే క్యూటీకి వెళ్లండి. టీటీకే ట్రీవ్యూలోకి వరుసలన్నీ ముందే దూర్చాలి. క్యూటీలో మోడల్ రాస్తే తెరమీద కనబడేవాటినే అడిగి తీసుకుంటుంది. పైక్యూటీకి లైసెన్సు, మీ కోడ్ కూడా బయటపెట్టమనే జీపీఎల్ లేదా కొనుక్కునేది. నోకియా వాళ్లు అంత కట్టడి లేని ఎల్‌జీపీఎల్ కింద వాడుకోగల బైండింగ్, అంటే పైథాన్ తొడుగు, కావాలని 2009లో పైసైడ్ మొదలుపెట్టారు, ఇప్పుడు క్యూటీ వాళ్ల సొంత బైండింగ్ అదే. ఆయా సిస్టమ్‌లోని అసలు బటన్లే కావాలంటే డబ్ల్యూఎక్స్‌పైథాన్. కంటిచూపు లేనివాళ్లు స్క్రీన్ రీడర్‌తో వాడాల్సిన ప్రోగ్రాం అయితే టీకింటర్ వద్దు. టీకే 8.6 స్క్రీన్ రీడర్‌కి ఏమీ చెప్పదు, విండో వాళ్లకి ఖాళీ గోడే.

ఇంకో సంగతి మన అక్షరాలకి సంబంధించింది. లినక్స్ మీద టీకే 8.6 అక్షరాలు గీసేటప్పుడు ఒత్తుల్నీ గుణింతాల్నీ కలిపి మలిచే పని చెయ్యదు. కోడ్ పాయింట్లు, అంటే విడివిడి అక్షర ముక్కలు, ఒకదాని పక్కన ఒకటి పేర్చేస్తుంది. స్త్రీ అని రాస్తే ముక్కలు ముక్కలుగా వస్తుంది. విండోస్‌లో, మ్యాక్‌లో ఆ పని సిస్టమే చేసిపెడుతుంది కాబట్టి బాగానే ఉంటుంది. అక్కడ రాసి, అక్కడే చూసుకుని, లినక్స్ వాళ్లకి పంపితే తెలుస్తుంది రంగు. క్యూటీ, జీటీకే లైబ్రరీలు అక్షరాలు మలిచే హార్ఫ్‌బజ్‌ని వాడతాయి, వాటిలో ఈ గొడవ లేదు. తెలుగులో మెనూలు పెట్టే ప్రోగ్రాం లినక్స్‌లో కూడా నడవాలంటే లైబ్రరీ ఎంపిక ఇక్కడే తేలిపోతుంది.

ప్రశ్నలుంటే అడగండి.

(సభ నుంచి: ఇవన్నీ ఎందుకండీ, బ్రౌజర్‌లో హెచ్‌టీఎంఎల్, జావాస్క్రిప్ట్‌తో చేస్తే సరిపోదా?)

సరిపోతుంది. చాలా పనులకి అదే మంచిది కూడా. కాకపోతే లూప్ నుంచి తప్పించుకున్నారని అనుకోకండి. జావాస్క్రిప్ట్ కూడా స్క్రిప్టింగ్ భాషే, బ్రౌజర్ ట్యాబ్‌లో కూడా అలాంటి లూపే తిరుగుతోంది. క్లిక్ హ్యాండ్లర్‌లో పది సెకన్ల లెక్క పెట్టండి, పేజీ బిగుసుకుపోతుంది. దానికి వాళ్లు పెట్టిన మందు వెబ్ వర్కర్. ఆ వర్కర్ పేజీలోని దేన్నీ ముట్టుకోలేదు, మెసేజ్ మాత్రమే పంపగలదు. థ్రెడ్, క్యూ అని నేను ఇందాక చెప్పిందే. తేడా ఏమిటంటే టీకింటర్‌లో ఆ నియమం మీ బుద్ధికి వదిలేశారు, బ్రౌజర్‌లో గోడ కట్టేశారు. అదే ఎలక్ట్రాన్‌తో డెస్క్‌టాప్ ప్రోగ్రాంగా ఇవ్వాలంటే క్రోమియం బ్రౌజర్ మొత్తాన్ని మోసుకెళ్లాలి. నకలు ఫైళ్లు వెతికే స్క్రిప్ట్‌కి ఆ బరువు ఎక్కువే.

(సభ నుంచి: పైథాన్ లేని మెషీన్‌కి ఎలా ఇవ్వాలి?)

పైఇన్‌స్టాలర్ లాంటివి ఉన్నాయి. మీ స్క్రిప్ట్‌నీ, ఇంటర్‌ప్రిటర్‌నీ, టికిల్ ఫైళ్లతో సహా ఒకచోట మూటకడుతుంది. ఏ సిస్టమ్ మీద కడితే దానికే పనికొస్తుంది, విండోస్ మూట విండోస్‌లోనే కట్టాలి. వన్‌ఫైల్ అని ఒకే ఫైలుగా ఇచ్చే ఏర్పాటుంది, అందరికీ అదే ముద్దు. అది తెరిచిన ప్రతిసారీ ఒక తాత్కాలిక ఫోల్డర్‌లోకి అన్నీ విప్పుకుంటుంది, అందుకే విండో రావడానికి ఆలస్యమవుతుంది. స్క్రిప్ట్ పక్కనే ఉందనుకున్న ఐకాన్ ఫైలు కూడా, మూటలో కలపమని చెప్పి ఉంటే, ఆ తాత్కాలిక ఫోల్డర్‌లోకే వెళ్తుంది. ప్రస్తుత ఫోల్డర్‌లో వెతికితే దొరకదు, రెండువైపులా రెండేసి అండర్‌స్కోర్లున్న ఫైల్ అనే వేరియబుల్ చూపించే చోటునుంచి దారి కట్టుకోవాలి. నా సలహా, మొదట ఫోల్డర్‌గా కట్టండి, కన్సోల్ ఉంచే కట్టండి, పైథాన్ లేని మెషీన్ మీద నడిపి ఎర్రర్లు చూసుకోండి. కన్సోల్ తీసెయ్యడం, ఒకే ఫైలు చెయ్యడం ఆ తర్వాత.